సుదర్శనం దేశద్రోహి ఎందుకయ్యాడు

పోయిన నెలలో ఇద్దరు పిల్లలు మల్కాజ్‌గిరిలోని మా ఇంటికి వచ్చారు. ఓటీటీకి గూఢచారి కథ రాస్తున్నారట. నేను ముప్ఫై ఏళ్ళు టీవీ సీరియళ్ళకు కథలూ మాటలూ రాశానని, అందులో ఒకటి గూఢచారుల సీరియలని ఎవరో చెప్పారట. కాఫీలు ఇచ్చాను. అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి ఒక పట్టిక చూపించింది. పాత్ర పేరు, వయసు, వాడే తుపాకీ, ఆ పక్కన 'గతంలో గాయం' అని ఒక గడి. విలన్ ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఏదన్నా స్ట్రాంగ్‌గా చెప్పండి మేడమ్. వీడు దేశాన్ని ఎందుకు అమ్మేశాడో ఫిక్స్ అవ్వట్లేదు" అంది.

"కథ ఎంతవరకు వచ్చింది?"

"ఎనిమిది ఎపిసోడ్లూ అయిపోయాయి మేడమ్. అదొక్కటే పెండింగ్."

తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకుని వెతుక్కున్నట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వాళ్ళను తిట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడింది, రాస్తాను. నాకెన్ని షీల్డులు వచ్చాయో, ఏ ఛానెల్లో ఎన్నాళ్ళున్నానో రాయను. వాటివల్ల ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

తండ్రి లేని ఏజెంట్లు

పదేళ్ళ కిందటి మాట. మా సీరియల్లో దేశాన్ని కాపాడే రహస్య సంస్థకు ప్రధాన కార్యాలయం ఏ.ఎస్. రావు నగర్‌లో మూతపడ్డ కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్. కింద స్వీట్ షాపు. హీరో "దేశం ప్రమాదంలో ఉంది" అన్నప్పుడల్లా కింది నుంచి బూందీ వాసన వచ్చేది. పై అంతస్తులో నా గది. ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడ నిండా నటుల ఫోటోలు. నేతిబీరకాయలో నెయ్యెంతో మా గూఢచారుల్లో గూఢమంత.

హీరో ఆ సంస్థలో ఎందుకు చేరాడు? వాళ్ళ నాన్నను శత్రువులు చంపారు కాబట్టి. హీరోయిన్? వాళ్ళ నాన్ననీ చంపారు. ఆర్నెల్ల తర్వాత మూడో ఏజెంటును తెచ్చాం. అతనికి కారణం ఆలోచించే ఓపిక లేక అతని నాన్ననీ చంపేశాను. బట్టలు చూసుకునే లక్ష్మి ఒకరోజు యూనిఫాం ఇస్త్రీ చేస్తూ అడిగింది:

"అక్కా, ఈ ఆఫీసుల నౌకరీ కావాల్నంటే ముందుగాల నాయన సచ్చిపోవాల్నా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. నవ్వడం కాదు, ఆ రోజే కూర్చుని ఆలోచించాల్సింది. చూసేవాళ్ళకు బుర్ర ఉంటుందని మా సీరియళ్ళ లోకంలో ఎవరికీ పట్టేది కాదు. గురువారం రేటింగులు వచ్చేవి, వాటిని బట్టి ఆ సాయంత్రం కథ మారేది. దాన్ని మేం ట్రాక్ మార్చడం అంటాం. మర్నాడు పొద్దున షూటింగ్, ఆ పొద్దునే సీను పేపరు. మంచివాడు చెడ్డవాడైపోవడానికి ఒక్క గురువారం చాలు.

ఇంకో చిట్కా కూడా చెబుతాను, నేర్చుకోకండి. చెడ్డవాడు ఎందుకు చెడ్డవాడయ్యాడో మాకు తెలియనప్పుడు వాణ్ణి నవ్వించేవాళ్ళం. 'విలన్ వికటంగా నవ్వుతాడు' అని రాస్తే అర నిమిషం గడిచిపోతుంది. ప్రేక్షకుడు ఆ ప్రశ్న మరిచిపోతాడని మా నమ్మకం. టీవీలో విలన్లు అంతంతసేపు ఎందుకు నవ్వుతారో ఇప్పుడు మీకు తెలిసినట్టే.

అయ్యో, నేనేనా?

మా రహస్య సంస్థలో సుదర్శనం అని ఒక రికార్డు గుమాస్తా ఉండేవాడు. చీఫ్ అడిగిన ఫైలు తెచ్చి, బల్ల పక్కన నిలబడి, "ఇదిగోండి సార్" అని వెళ్ళిపోవడమే ఆయన పని. ఆ వేషం వేసింది ప్రభుదాసుగారు. ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, మౌలాలిలో సొంత ఇంట్లో ఉండేవారు. వాళ్ళ చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే పసిపిల్లల్ని చంపించే రాజు వేషం ఏళ్ళ తరబడి ఆయనదేనట. మంచి గొంతు, మంచి ఉచ్చారణ. డబ్బింగు కూడా ఆయనదే. రెండేళ్ళుగా ఆ ఒక్క మాటనే రకరకాలుగా పలికి ఇంటింటా తెలిసిన మనిషయ్యారు.

ఒక గురువారం రేటింగు పడిపోయింది. ఛానెల్ తరఫున కథలు చూసే వర్ధన్ నా గదికి వచ్చాడు. "సోమవారానికి ఒక షాక్ కావాలి మేడమ్. ఆఫీసులోనే ద్రోహి. ఎవరూ గెస్ చెయ్యని మనిషి" అంటూ గోడ మీది ఫోటోల వెంట వేలు కదిలించాడు. ఆ వేలు సుదర్శనం దగ్గర ఆగింది.

"ఆయన ఎందుకు చేస్తాడు వర్ధన్?"

"అదే కదా మేడమ్ షాక్!"

ఇలాంటి మనుషులతో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు. సీను రాసేశాను. చీఫ్ నిలదీస్తాడు: "ఎందుకు చేశావ్ సుదర్శనం?" దాని కింద, అలవాటు కొద్దీ, 'సుదర్శనం నవ్వుతాడు' అని టైప్ చేశాను.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ప్రభుదాసుగారు సీను పేపరు పట్టుకుని నా గదిలోకి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, ఈ రెండేళ్ళూ ఫైళ్ళన్నీ శత్రువులకి చేరవేసింది నేనేనా అండీ?"

"అవునండీ, ట్రాక్ మారింది."

"అయ్యో, నాకు తెలియదే! నేను మంచివాణ్ణనుకుని చేశానండీ."

నాకూ నిన్న సాయంత్రం దాకా తెలియదని చెప్పాను. ఆయన పేపరు మీద వేలు పెట్టారు. "ఈ నవ్వు ఏమిటండీ? పసిపిల్లల్ని చంపించిన రాజుకైనా సింహాసనం పోతుందని భయం ఉంది. సుదర్శనానికి ఏముంది?"

నాకు చిరాకెత్తింది. పదకొండుకి ఆ షాటు. బల్ల సొరుగులో ఎప్పుడూ ఉండే సరుకు బయటికి తీశాను. కూతుర్ని కిడ్నాప్ చేశారందామా అన్నాను. "కిడ్నాప్ చేస్తే రెండేళ్ళు మామూలుగా ఆఫీసుకొస్తానా అండీ?" అన్నారు. భార్యకి ఆపరేషన్? "గవర్నమెంటు ఉద్యోగి కదండీ, ఆస్పత్రి ఖర్చు ఇస్తారు." నాన్నని చంపారు? ఆయన సీను పేపరు నా బల్ల మీద పెట్టేశారు.

"అయితే మీరే చెప్పండి మహానుభావా! గుమాస్తాగా చేసింది మీరు, నేను కాదు" అన్నాను విసుగ్గా.

రెండు ఖాళీ కుర్చీలు

ఆయన తలుపు దగ్గరికి వేశారు. తర్వాత చెప్పింది వీలైనంత ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"మా ఆఫీసర్ గదిలోకి ఇరవై రెండేళ్ళు రోజూ వెళ్ళానండీ. ఆఫీసర్లు మారారు, గది అదే. బల్లకి ఇవతల రెండు కుర్చీలుండేవి. బయటివాళ్ళు వస్తే వాళ్ళకి. లేకపోతే ఖాళీ. ఫైలు మీద గంట మాట్లాడినా గుమాస్తా నిలబడే ఉండాలి. రూలేం కాదండీ, అదంతే. ఒకసారి జ్వరంతో వెళ్ళాను. కుర్చీ వీపు పట్టుకున్నాను. ఆఫీసర్ గారు నా చెయ్యి వంక చూశారు. తీసేశాను.

"ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. పని మీద వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే లేచి, 'కూర్చోండి దాసుగారూ' అన్నాడు. ఫ్యాను నా వైపు తిప్పాడు. మా పిల్లల చదువులు అడిగాడు. ఆర్నెల్లు అంతే, ఏమీ అడగలేదు. ఒకరోజు ఫలానా ఫైల్లో ఎవరెవరి పేర్లున్నాయి దాసుగారూ అన్నాడు. చెప్పేశానండీ. పైసా తీసుకోలేదు. ఇస్తానన్నా తీసుకునేవాణ్ణి కాదు, కోపమొచ్చేది కూడా."

"తర్వాత?"

"సంగతి బయటపడింది. రికార్డు గది తాళంచెవి అటెండరు దగ్గరుండేది. యాదగిరి అని. నేనూ అతనూ ఒకే చోట అన్నం తినేవాళ్ళం, ఇప్పటికీ ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తాడు. ఏడాది సస్పెండ్ చేశారండీ అతన్ని. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

అప్పుడు గమనించాను, ఆయన అంతసేపూ నిలబడే ఉన్నారు. నా బల్లకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీ ఉంది. రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆ గదికి వచ్చారో, ఒక్కసారైనా కూర్చోమన్నానా అని వెతుక్కుంటే గుర్తు రాలేదు. ఇప్పుడు అన్నాను. "పర్లేదండీ, షాటుకి టైమవుతోంది" అన్నారు.

'సుదర్శనం నవ్వుతాడు' కొట్టేసి, ఒక్క మాట రాశాను: "ఆయన నన్ను కూర్చోమన్నాడు సార్."

పదకొండుకి షాటు తీశారు. ఆయన ఆ మాట ఎలా పలికారంటే, తర్వాత "ద్రోహీ!" అని గావుకేక పెట్టాల్సిన చీఫ్ వేషధారి, ఎవరూ చెప్పకుండానే, దాన్ని నెమ్మదిగా అన్నాడు. లక్ష్మి ఇస్త్రీపెట్టె నిలబెట్టి చూస్తూ ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళలో నేను రాసిన వాటిలో నాకు సిగ్గుగా అనిపించని సీను అదొక్కటే.

వెళ్ళేముందు ఆయన "ఇది ఏ రోజు వస్తుందండీ?" అని అడిగారు. సోమవారం అన్నాను. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చి "ఈ సోమవారమేనాండీ?" అన్నారు. నటులకు ఉండే ఆత్రమే అనుకున్నాను.

పెదవులకు సరిపడే మాట

శనివారం ఎడిటింగ్‌లో వర్ధన్ ఆ సీను చూశాడు.

"కుర్చీ కోసం కంట్రీని అమ్మేస్తాడా మేడమ్? ఆడియన్స్ కన్విన్స్ అవ్వరు. కూతురు కిడ్నాప్ పెట్టేయండి. డబ్బింగ్‌లో సర్దేద్దాం."

"సుదర్శనానికి పెళ్ళయిందని కూడా మనం ఎక్కడా చెప్పలేదయ్యా!"

"ఇప్పుడు చెబుదాం."

ప్రభుదాసుగారిని పిలిస్తే గొడవ చేస్తారని, ఆయన గొంతును అనుకరించే మనిషిని పిలిపించారు. కొత్త మాట రాయాల్సింది నేనే. పాత మాటలో 'మ' దగ్గర ఆయన పెదవులు కలుస్తాయి, కాబట్టి అటూ ఇటుగా అక్కడే పెదవులు కలిసే మాట వెతకాలి. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని అందరూ అనేవాళ్ళు. రెండు నిమిషాల్లో రాసిచ్చాను: "వాడు నా కూతుర్ని బంధించాడు సార్." అతికినట్టు సరిపోయింది.

నేను ఎందుకు ఒప్పుకున్నాను? నా తలకెవరైనా తుపాకీ గురిపెట్టారా? నాకు కూతురే లేదు, బంధించడానికి. వర్ధన్ ఒక్క మాట అన్నాడు: "మీలాంటి సీనియర్లు అర్థం చేసుకుంటారు మేడమ్." అంతే, మెత్తబడిపోయాను. అంతకుముందు రోజే కుర్చీ సంగతి విని కళ్ళు చెమ్మగిల్లినదాన్ని. నా గడిలో ఏ గాయం రాస్తారో రాసుకోండి. పైగా ప్రభుదాసుగారికి ఫోన్ చేసి చెప్పనన్నా చెప్పలేదు. ఎలాగూ చూస్తారు, రెండ్రోజులు సణిగి ఊరుకుంటారులే అనుకున్నాను.

సోమవారం వాళ్ళింట్లో

గురువారం ఆయన భార్య సుగుణమ్మగారు ఫోన్ చేశారు. "సోమవారం నుంచీ సరిగా అన్నం తినట్లేదమ్మా. ఏమయిందంటే చెప్పరు. మీకేమైనా తెలుసా?" అన్నారు. అప్పుడు బయల్దేరాను మౌలాలికి.

ఆయన వరండాలో ఉన్నారు. నన్ను చూసి లేచారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే చెయ్యి అడ్డం పెట్టి, లోపలికి వినబడకుండా చెప్పారు.

"సోమవారం యాదగిరిని పిలిచానండీ. నా సీనుంది, చూద్దువుగాని రా అని. ఇరవయ్యేళ్ళుగా ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పలేకపోయాను. సుదర్శనం చెబుతాడు, అతను విని నా వైపు చూస్తాడు, అప్పుడు 'అవును యాదగిరీ' అంటే చాలు కదా అనుకున్నాను. ఆ ఒక్క ముక్కకి ధైర్యం కూడగట్టుకున్నానండీ. తీరా చూస్తే నా పెదవులు కదులుతున్నాయి, గొంతు నాది కాదు. కూతురట, బంధించాడట."

"యాదగిరిగారు ఏమన్నారు?"

"'పాపం, బిడ్డ కోసం గదనే, ఎవడైనా గట్లనే చేస్తడు, మాఫ్ చెయ్యాలె' అన్నాడండీ. కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆవిడ టీ ఇస్తే తాగి వెళ్ళిపోయాడు. ఇంకేం చెప్పను మేడమ్? ముందే మాఫ్ చేసేశాడు. చెయ్యని దానికి."

అన్నేళ్ళూ ఈ కిడ్నాపులు ఎందుకు రాశానో ఆ వరండాలో నాకు తెలిసింది. అవి ఎవరినీ ఇబ్బంది పెట్టవు. బిడ్డ కోసం చేశాడంటే చేసినవాడు మంచివాడే, చూసినవాడు మంచివాడే, కళ్ళు తుడుచుకుని పడుకోవచ్చు. కుర్చీ కోసం చేశాడంటే చూసేవాడికి వెంటనే తన ఆఫీసు గుర్తుకొస్తుంది. వర్ధన్‌కి కావాల్సింది నమ్మకం కాదు, హాయి. అది నేను సప్లై చేశాను. ఒక మనిషి ఇరవయ్యేళ్ళకు నోరు తెరిస్తే, ఆ నోట్లో వేరే మాట కుక్కాను.

చేతనైంది ఒకటి చేశాను. షూటింగ్‌లో అప్పటికప్పుడు రికార్డయ్యే అసలు శబ్దం ఉంటుంది, డబ్బింగు కోసం దాచుకుంటారు. సౌండ్ చూసే అతన్ని బతిమాలి ఆ సీను అసలు గొంతుతో ఫోన్లో వేయించుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ మౌలాలి వెళ్ళాను. "మీరు కూడా ఉండండి మేడమ్, లేకపోతే నేను మళ్ళీ తప్పించుకుంటాను" అన్నారు ప్రభుదాసుగారు.

యాదగిరిగారు సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాలో వచ్చారు. నా ఫోన్ ఆయన చేతికిచ్చాను. సీను నడిచింది. 'ఎందుకు చేశావ్ సుదర్శనం?' 'ఆయన నన్ను కూర్చోమన్నాడు సార్.' యాదగిరిగారు తలెత్తారు.

"ఇదేందమ్మా, మొన్న వేరే ఉండె గద?"

"మొన్నటిది అబద్ధమండీ. నేను రాశాను."

ప్రభుదాసుగారు అన్నారు: "ఇది సుదర్శనం మాట కాదు యాదగిరీ. ఆ ఫైలు సంగతి కాంట్రాక్టరుకి చెప్పింది నేను."

లోపల సుగుణమ్మగారి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. యాదగిరిగారు ఫోను జాగ్రత్తగా స్టూలు మీద పెట్టారు.

"కుర్చీ కోసమా దాసన్నా?"

"అవును."

"నువ్వు ఆ రూంల నిలబడ్డవ్. నేను రూం బయట నిలబడ్డ. నీకన్న ఎక్కువేండ్లు నిలబడ్డ. నేనెవ్వనికన్న ఏమన్న చెప్పిన్నా?"

ప్రభుదాసుగారు లేచి నిలబడ్డారు.

"నీకు కుర్చీ దొరికింది. నేను ఏడాది ఇంట్ల కూసున్న. డ్యూటీకి ఎందుకు పోతలేవు నాయనా అని మా పిల్లలు అడిగితే, ఏం చెప్పాల్నో తెల్వక పొద్దుగాల్నే టిఫిన్ డబ్బా పట్టుకొని ఎటో పోతుంటి. ఆ డబ్బాల కూర సుత ఒక్కోనాడు నువ్వు పంపించిందే."

యాదగిరిగారు లేచి చెప్పులేసుకున్నారు. సుగుణమ్మగారు గుమ్మంలోకి వచ్చి "అన్నయ్యా, టీ" అన్నారు. "ఇయ్యాల వద్దు చెల్లె" అని, గేటు దగ్గర వెనక్కి తిరిగారు.

"బిడ్డ కోసమంటే ఆ దినమే మాఫ్ చేసిన దాసన్నా. కుర్చీ కోసమంటే జెర టైం పడ్తది."

ఇదంతా ఆ ఇద్దరు పిల్లలకీ చెప్పాను. అమ్మాయి ల్యాప్‌టాప్ వంక చూసి, "అయితే ఈ గడిలో 'కుర్చీ' అని రాసుకోమంటారా మేడమ్?" అంది. తల పట్టుకున్నాను. ఆ కుర్చీ ప్రభుదాసుగారిదమ్మా, మీ విలన్ ఎన్నేళ్ళు ఏ గదిలో ఏం చూస్తూ నిలబడ్డాడో మీరు కనుక్కోండి, అంతవరకు ఆ ఎనిమిది ఎపిసోడ్లూ పక్కన పెట్టండి అన్నాను. పెడతారో లేదో తెలియదు. వాళ్ళకూ ఒక వర్ధన్ ఉండే ఉంటాడు.

ప్రభుదాసుగారు ఆ తర్వాత సీరియళ్ళలో వేషం వెయ్యలేదు. నేను అడపాదడపా ఫోన్ చేస్తుండేదాన్ని. యాదగిరిగారి సంగతి అడిగితే "ఇంకా లేదండీ" అనేవారు. ఆదివారాలు వరండాలో రెండు కుర్చీలు వేసి ఉంచుతున్నారని సుగుణమ్మగారు చెప్పారు. వాన వస్తే లోపలికి తీసి, తగ్గాక మళ్ళీ వేస్తున్నారట.

నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి, పక్కన మనిషి వినకూడదన్నట్టు మాట్లాడారు.

"మేడమ్, యాదగిరి వచ్చాడండీ. ఏం మాట్లాడట్లేదు. కూర్చున్నాడు."